ఎడమ వెనక కాలు

నిడివి రెండున్నర మిల్లీమీటర్లు, ముక్కును కలపకుండా.
ముక్కు వంపు కొడవలి వంపు కంటే కొంచెం తక్కువ.
రంగు ఇప్పుడైతే ముదురు పాకం.
అప్పటి రంగు తెలియదు, అని రాశాను.
తెలియదు అని రాయడానికి
మా శాస్త్రంలో చాలా చోటుంది.

గుజరాత్ బొగ్గుగనిలో దొరికిన
బఠాణీ గింజంత బంక ముద్ద
దూదిలో చుట్టుకొని కడపకొచ్చింది.
ఐదు కోట్ల ఏళ్ళ కిందట ఒక మధ్యాహ్నం
(మధ్యాహ్నమని ఎందుకనుకున్నాను?
బంక ఎండకే కదా జారేది)
గుగ్గిలం జాతి చెట్టు మీద
ఒక ముక్కుపురుగు తన పనిమీద తాను పోతూ ఆగిపోయింది.

నా మైక్రోస్కోపు కింద బల్ల, కడప బండ.
అది బురదగా ఉన్న రోజుల్లో
కాళ్ళున్న ప్రాణి భూమ్మీద ఒక్కటీ లేదు.
ఎంత పగలగొట్టినా అందులో పురుగు దొరకదు.
మా రాయికి మతిమరుపు అనకండి,
గుర్తుంచుకోమని దాని దగ్గరికి ఎవరూ రాలేదు.

ముద్ద మసక. ఒక పక్క కిటికీ తెరవాలి.
యంత్రం లేదు, డబ్బు లేదు, ఎర్రగుంట్లలో
నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఖాసీం పీరా ఉన్నాడు.
"ఏందిది మేడం, సాంబ్రాణా?" అని వాసన చూశాడు.
చక్రం తగలగానే నిజంగానే పొగలేని ధూపం లేచింది.
"ఇది రాయి గాదు, ఇంకా చెట్టే" అన్నాడు.
ఆ వాక్యం నా వ్యాసంలో ఎక్కడా పట్టలేదు.

మూడోరోజు, మంగళవారం,
కరెంటు పోయి, వచ్చింది.
చక్రం ఒక్కసారి ఎగిరింది.
పీరా చేతులు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.
"కాలు పాయె మేడం."

లెన్సులో చూశాను.
తొడ ఉంది. పిక్క ఉంది.
పాదం లేదు, గణుపులు లేవు, గోళ్ళు లేవు.
ఏ వరదా ఏ భూకంపమూ ముట్టని పాదం
పీరా చూపుడువేలి గీతల్లో
పసుప్పచ్చ పొడిగా ఉంది.
రాత్రి అన్నానికి ముందు కడుక్కున్నాడట.
కడుక్కోకుండా ఎట్లా తింటాడు?

మా జేజి జొన్న పాతర తీయించేటప్పుడు
ముందు లోపలికి దీపం దించేది.
దీపం ఆరితే ఎవరూ దిగరాదు.
ఆరకపోతే గంపల్తో గింజలు,
గింజలతో ముక్కుపురుగులు.
చేటలో ఎగరేసి కాలితో నలిపేసేది,
ఏనాడూ ఒక్కదాని కాళ్ళు లెక్కపెట్టలేదు.
నేను ఒక్కదానికోసం ఏడు నెలలు.
జేజి చూసుంటే చేట నా వైపు తిప్పేది.

లక్నో నుంచి సహరచయిత ఫోను:
"లేదు అని రాస్తే చాలు కదా.
పాత శిలాజాల్లో కాళ్ళు లేకపోవడం మామూలే."
మామూలే. అబద్ధం కూడా కాదు.
మూడు రాత్రులు ఆ ఒక్క మాట దగ్గరే దీపం దించి చూశాను.
నాలుగో పొద్దున రాశాను:
ఎడమ వెనక పాదం
సాన పట్టేటప్పుడు మా చేతిలో పోయింది.

కొత్త జాతికి పేరు కావాలి.
పీరా పేరు పెడతానన్నాను.
"కాలు తీసినోని పేరా? వద్దు మేడం,
దానికి మళ్ళా ఎదురుపడాల్నంటే సిగ్గు."
చివరికి పాతర అనే మాటకు
లాటిన్ తోక ఒకటి అతికించాను.
పలకలేక లక్నో నవ్వింది.

ఒకటే నమూనా. డబ్బాకు ఎర్ర చీటీ.
ఇక దీన్ని ఎవరూ సాన పట్టరు.

శుక్రవారం మధ్యాహ్నం పీరా ఫోను.
వెనక నాపరాయి కోస్తున్న రొద.
"ఇంకో పక్క కాలు ఉండాది గదా?"
ఉంది, అన్నాను.
పూర్తిగా ఉంది. కొసన రెండు గోళ్ళు.
ఒకటి కొంచెం విడివడి.
రొద ఆగింది.
"విడివడి అంటే?"
ఎత్తబోతూ ఉన్నట్టు, అన్నాను.
చాలాసేపు ఏమీ అనలేదు,
తర్వాత అవతల చక్రం మెల్లగా తిరగడం మొదలైంది.